రావులకుంట చెయ్యి

అద్దంకిలో ఓడి ట్రాక్టరు ట్రాలీలో తిరిగొస్తున్నంతసేపూ రావులకుంట కబడ్డీ కుర్రాళ్లు ఒక్కరూ నోరు విప్పలేదు. గెలిచిన రోజుల్లో ఇదే ట్రాలీ వస్తుంటే దారి పొడుగునా ఊళ్లు వాకిళ్లలోకొచ్చి చూసేవి. ఇప్పుడు మడ్‌గార్డు మీద కూర్చున్న ట్రాక్టరు ఆసామి బాపయ్య ఒక్కడే మాట్లాడుతున్నాడు, అదీ ఇంజను మోతను మించి.

"పప్పుచారు తినేవాడు చెడుగుడు నేర్పటవేందిరా? ఆనాడే చెప్పానా? విన్నారా ఎవరన్నా? ఆయనొచ్చిన కాడ్నుంచి ఆడిన ప్రతి ఆటా పోయింది. మనం ఓడిపోటానికి డీజిలు నేను పోయించాలా!"

ఆ పప్పుచారు మాస్టారు ట్రాలీలోనే ఉన్నాడు. పేరు త్యాగరాజు. అమరావతి నుంచి బదిలీ మీద హైస్కూలుకి వచ్చిన డ్రిల్లు మాస్టారు. సన్నగా, పొడుగ్గా, మెళ్లో విజిలుతో ఒక మూల ఒదిగి కూర్చుని, బోర్లాపడి మోచెయ్యి చెక్కుకుపోయిన కుర్రాడికి దూది అద్దుతున్నాడు. బాపయ్య మాటలన్నీ వినపడుతూనే ఉన్నాయి. వినపడాలనే కదా బాపయ్య అరుస్తున్నది.

వీళ్లిద్దరికీ మధ్య, ట్రాలీ అంచు పట్టుకుని వీరాంజనేయులు నిలబడ్డాడు. కూర్చోబుద్ధి కాలేదు. జట్టు కమిటీకి ప్రెసిడెంటు అతనే. అంతకన్నా పెద్ద పేరు ఇంకోటుంది: పట్టు దొరకని ఆంజనేయులు. మోకాలు దెబ్బతిని ఆట మానేసేదాకా పదేళ్లపాటు, కూతకెళ్లిన ఆ మనిషిని ఆపి కింద పడేసిన జట్టు ఈ చుట్టుపక్కల లేదు. ఊళ్లో చంటిపిల్లల్ని ఆడించేటప్పుడు కూడా "మా నాయన ఆంజనేయులు, ఎవరికీ దొరకడు" అంటారు. ఆ పేరు మీదే నలుగురిలో అతని మాటకి విలువ.

ఆ జట్టుకో ఆనవాయితీ ఉంది. ఆటకు బయల్దేరేముందు ఆటగాళ్లంతా ఎవరిదో ఒకరి మిరప కల్లంలోకి దిగుతారు. ఎండుతున్న కాయల్ని గుప్పిళ్లతో నలిపి, మోచేతుల దాకా పట్టించి, పోలేరమ్మను తలుచుకుని నేలకు మొక్కి, చేతులు కడుక్కోకుండా బండెక్కుతారు. కల్లం మొక్కు అంటారు దాన్ని. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మిరపకాయల్లో పెరిగిన చేతులకి ఆ మంట ఒక లెక్కా? అవతలి జట్టువాళ్లకి తగిలి చెమటతో కలిస్తే మాత్రం భగ్గుమనేది. అది కూడా దాచిన సంగతేం కాదు. "రావులకుంట చెయ్యంటే మజాకానా" అని చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. దేవుడి మొక్కు కదా, అందులో తప్పుంటుందని ఒక్కడికీ తోచలేదు.

త్యాగరాజు మాస్టారికి మొదటి రోజే తోచింది. "ఒంటికి నూనె రాసుకుంటే రిఫరీ బయటికి పంపిస్తాడు. కారం రాసుకుంటే మొక్కంటామా?" అన్నాడు. అని ఊరుకోలేదు. కోర్టు పక్కన బోరింగు దగ్గర ఆముదం సీసా, శనగపిండి డబ్బా పెట్టించాడు. చేతులు రుద్ది కడుక్కోందే గీత దాటనివ్వలేదు. ఆ తర్వాత నేర్పిందైనా కూతలా? కాదు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, వరసగా అడుగులో అడుగేస్తూ ముందుకీ వెనక్కీ నడవటం. చూసినవాళ్లంతా "ఒప్పులకుప్ప ఆడుతున్నార్రా మనోళ్లు" అని ఎగతాళి పట్టించారు.

"శనివారం దర్శిలో వాడరేవు వాళ్లతో ఆట" అన్నాడు బాపయ్య ఊరి మలుపు దగ్గర. "అదీ పోయిందా, ఆదివారం పొద్దున్నే కోర్టు కాడ కూర్చుందాం. పంతుల్ని బళ్లో పిల్లకాయలకి డ్రిల్లు చేయించుకోమందాం. ఏరా ఆంజనేయులూ, ఏమంటావు?"

"చూద్దాంలే మావా" అన్నాడు వీరాంజనేయులు. ఆ మాట బాపయ్యకీ నచ్చలేదు, అన్నవాడికీ నచ్చలేదు.

మర్నాడు కల్లంలో అతనికి కాలు ఒకచోట నిలవలేదు. ఎర్రగా పరిచిన కాయల మధ్య నడుస్తూ పాదాలతో తిరగేస్తున్నాడు. ఆ చివరిదాకా వెళ్లటం, మళ్లీ అదే చాలు తిరగేసుకుంటూ రావటం. ఒక పక్కగా అతని భార్య వెంకటేశ్వరమ్మ, కూలికొచ్చిన హనుమాయమ్మ ముక్కుకి గుడ్డలు కట్టుకుని తాలుకాయలు ఏరుతున్నారు. రంగు తేలిపోయిన కాయ ఒక గంపలోకి, మంచి కాయ కుప్పలోకి.

"ఏవయ్యా, తిరగేసిందే తిరగేస్తన్నావు" అంది వెంకటేశ్వరమ్మ. "కాలు కాలిన పిల్లిలాగా ఏంది తిరుగుడు? కాయ చితికితే కొనేవాడు నీ ముఖం చూసి కొంటాడా?"

అతను జవాబు చెప్పేలోపల గట్టు మీద సైకిలు ఆగింది. దిగుతూనే త్యాగరాజు మాస్టారికి తుమ్ములు అందుకున్నాయి. ఒకటి కాదు, రెండు కాదు. కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, మళ్లీ తుమ్మాడు. హనుమాయమ్మ గుడ్డ వెనక కిసుక్కున నవ్వింది.

"గాలికి ఎదురుగా నిలబడ్డారు, ఇటు రండి మాస్టారూ" అని వెంకటేశ్వరమ్మ చెంబుతో మజ్జిగ అందించింది.

మాస్టారు తాగి, చెంబు కడిగి బోర్లించి, వీరాంజనేయులి దగ్గరికొచ్చాడు. "ఆదివారం సంగతి నిన్న విన్నానండీ. నన్ను ఉంచమని అడగటానికి రాలేదు. రెండేళ్లు గడువు కావాలని అడగటానికొచ్చాను."

"రెండూ ఒకటేగా?"

"కాదండీ. జాలిపడి ఉంచితే వచ్చే ఓటమికి తీసేస్తారు. గడువిచ్చి ఉంచితే ఆ ఓటమి కూడా పాఠం కిందికే వస్తుంది. మీ కుర్రాళ్లకి పట్టటం రాదు. అవతలివాడు భయపడి వదిలేస్తుంటే గెలుస్తూ వచ్చారు. పట్టు మొదట్నుంచీ నేర్పుకు రావాలి."

"మావోళ్లకి గెలవటం తెలుసు మాస్టారూ. మీరొచ్చాకే మరిచిపోయారు."

త్యాగరాజు కాసేపు కాయల వంక చూశాడు. "మీరు ఏనాడన్నా చేతులు కడుక్కుని ఆడారా అండీ?"

వీరాంజనేయులికి ఒళ్లు మండిపోయింది. "అంటే? నా ఆట ఆట కాదు, కారమంటారా?"

"నేనా మాట అనలేదు. మీ ఆట నేను చూడలేదు కదా." మాస్టారు సైకిలు స్టాండు తీశాడు. "శనివారం నలుగురూ చూడదగ్గట్టు ఆడతారు. అంతవరకు మాటివ్వగలను. గెలుస్తారని ఇవ్వలేను."

సైకిలు మలుపు తిరిగేదాకా వీరాంజనేయులు అలాగే నిలబడి, తర్వాత ఆ కోపమంతా కాయల మీద చూపించాడు. "ఎంత పొగరు! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!"

"ఆయనేవన్నాడని?" అంది వెంకటేశ్వరమ్మ, చేతిలో పని ఆపకుండా. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నీకెందుకంత ఉలుకు?"

దర్శిలో కాలేజీ గ్రౌండు చుట్టూ సరుగుడు బాదులు పాతి తాళ్లు కట్టారు. మైకులో ఎవరో గొంతు చించుకుంటున్నాడు. వీరాంజనేయులు జట్టు పేరు రాయించి తిరిగొచ్చేసరికి ట్రాలీ చాటున బాపయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందు తువ్వాలు పరిచి ఉంది. దాని మీద ఎండుకాయలు. ఎదురుగా జట్టులో గట్టిగా కూతకెళ్లేవాడు కోటేష్, చాచిన రెండు చేతులూ మోచేతుల దాకా ఎర్రగా. మాస్టారు మిగతా కుర్రాళ్లని గ్రౌండు అవతల పరిగెత్తిస్తున్నాడు.

కోటేష్ ప్రెసిడెంటును చూసి చేతులు వెనక్కి పెట్టుకోబోయాడు.

"ఏం పర్లేదు, మనోడేగా" అన్నాడు బాపయ్య. "ఈ మొక్కు మీకు నేర్పినోడే చూస్తంటే ఇంక భయవేందిరా? రుద్దు. మొక్కు లేకుండా అమ్మవారు పలకదు."

ఆపాలంటే ఒక్క మాట చాలు. ఆ మాట వీరాంజనేయులి గొంతు దాకా వచ్చింది. ఆగిపోయింది. గెలిస్తే గొడవుండదు, మాస్టారూ ఉంటాడు, ఊరూ ఊరుకుంటుంది అని తనకి తను చెప్పుకున్నాడు. పైకి మాత్రం, "త్వరగా కానియ్యండి, పిలుస్తన్నారు" అన్నాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. తన పిడికిట్లో ఎంతుందో అతనికి అప్పుడే తెలుసు.

ఆట మొదలైంది. వాడరేవు కుర్రాళ్లు వలలు లాగి లాగి తాళ్లలా బిగిసిన చేతులవాళ్లు. చిక్కితే వదిలే రకం కాదు. అయినా కోటేష్ వెళ్లిన ప్రతిసారీ ఒకర్ని తాకి వచ్చేస్తున్నాడు. నడుం పట్టినవాడు విదిలించినట్టు వదిలేస్తున్నాడు. "అద్దీ! అదీ దెబ్బ!" అని తాళ్ల మీద నుంచి బాపయ్య ఒరిగిపోతున్నాడు. రావులకుంట వాళ్లు అవతలివాడిని రెండుసార్లు చేతుల గొలుసులో ఇరికించి, గీతకు బెత్తెడు దూరంలో ఆపేశారు. దానికి ఎవరూ ఈల వెయ్యలేదు. మాస్టారు మాత్రం తొడ మీద చిన్నగా చరుచుకున్నాడు.

విరామానికి రావులకుంట నాలుగు పాయింట్లు పైన ఉంది. అందరూ కోటేష్ చుట్టూ చేరారు. త్యాగరాజు మాస్టారు నీళ్ల ప్యాకెట్టు ఇవ్వబోయి, వాడి చెయ్యి పట్టుకుని, ముక్కు దగ్గరికి తీసుకుని, గట్టిగా ఒక తుమ్ము తుమ్మాడు. నవ్వినవాడు లేడు.

"నువ్వు కూర్చో" అన్నాడు నెమ్మదిగా.

వీరాంజనేయులు అక్కడ నిలబడలేకపోయాడు. కాళ్లు ఎటు తీసుకెళితే అటు నడిచాడు. అవి తాడు చుట్టూ తిప్పి వాడరేవు వాళ్ల వైపు తీసుకెళ్లాయి. అక్కడ సన్నటి కుర్రాడొకడు మోకాళ్ల మీద కూర్చుని మొహం పైకెత్తి ఉన్నాడు. రెండు కళ్లూ వాచి, నీళ్లు ధారగా కారుతున్నాయి. పిడికిళ్లు తొడలకి గుద్దుకుంటున్నాడు, కేక బయటికి రాకుండా. వాడి కళ్లలో నీళ్లు పోస్తున్న నడివయసు మనిషి ఏడుకొండలు. ఒకప్పుడు వాడరేవు జట్టు నాయకుడు. వీరాంజనేయులితో ఎన్ని ఆటలు ఆడాడో, అన్నీ ఓడినవాడు.

"రుద్దబాకరా, రుద్దితే ఇంకా ఎక్కువైద్ది. రావులకుంట చెయ్యి, అంతే. మాకలవాటే" అంటున్నాడు ఏడుకొండలు. తలెత్తి చూసి, మొహం విప్పార్చుకున్నాడు. "ఓహో, బావా! బాగుండావా? మోకాలెట్టా ఉంది?"

"ఆఁ... పర్లేదు."

"ఈడికి కొత్త. నాలుగాటలైతే తెలుసుకుంటాడు. నువ్వు కూతకొస్తంటే మావోళ్లకి నేనేం చెప్పేవాణ్ణో తెలుసా? 'పట్టబాకండ్రా, వదిలెయ్యండి. పాయింటు పోతే పోయింది, తెల్లారి వల లాగాల, చేతులు మనయ్యి' అని." ఏడుకొండలు హాయిగా నవ్వాడు. "నిన్ను పట్టటం మాకెప్పుడు కుదిరింది గనక!"

ఆ నవ్వులో రవ్వంత పగ ఉన్నా వీరాంజనేయులు తట్టుకునేవాడు. లేదు. పదేళ్లు తను కోర్టు లోపలే ఉన్నాడు. పాయింటు తెచ్చి, వెనక్కి తిరక్కుండా గీత దాటి, భుజాల మీదికెక్కి ఊరేగాడు. తను తాకి వచ్చేసిన మనుషులు తర్వాత ఏమయ్యేవాళ్లో ఏనాడూ వెనక్కి తిరిగి చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాడు. ఏడుకొండలు కుర్రాడి చేతిలో ఇంకో నీళ్ల ప్యాకెట్టు పెట్టబోతే వాడు కళ్లు తెరవలేక గాల్లో తడుముకున్నాడు.

రెండో సగంలో కోటేష్ లేని రావులకుంట రెండు పాయింట్లతో ఓడింది.

ఇంకేముంది! దర్శి నుంచి ఊరొచ్చేదాకా బాపయ్య నోటికి హద్దు లేదు. "గెలిచే ఆటని చేతులారా తీసుకెళ్లి అవతలోడి చేతిలో పెట్టాడు! వైరి జట్టు కూడా మనకింత అన్యాయం చెయ్యలేదు గదరా!" మాస్టారు బస్సులో వస్తానని దర్శిలోనే ఉండిపోయాడు. ట్రాలీలో అతని వైపు మాట్లాడటానికి ఒక్క నోరు లేదు. ఉన్న ఒక్క నోరూ మూసుకునే ఉంది.

ఆదివారం ఎండెక్కకముందే పంచాయతీ ఆఫీసు వెనక కోర్టు దగ్గర ఊరు సగం చేరింది. బాపయ్య కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. త్యాగరాజు మాస్టారు ఇస్త్రీ చొక్కాలో, నిలబడే ఉన్నాడు. కుర్రాళ్లు గీతల మీద తలలు దించుకుని కూర్చున్నారు.

"నాది నేను చెప్పా. అమ్మవారి మొక్కు మాన్పించాడు, కూతలు మాన్పించాడు, ఆఖరికి గెలిచే ఆటగాణ్ణి కూడా లేపి కూర్చోబెట్టాడు. ఇంకా గడువంటే దేనికి? మిగిలింది కూడా ముంచటానికా?" అన్నాడు బాపయ్య. "మాస్టారూ, మీరేవన్నా చెప్పుకుంటారా?"

"పట్టటం ఇప్పుడిప్పుడే వస్తోందండీ వీళ్లకి" అన్నాడు త్యాగరాజు. "అంతే."

జనం గొల్లున నవ్వారు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. సరే. ఓడినోళ్ల మాటలెందుకు? గెలిచినోడు చెప్పాల. ఆంజనేయులూ, నువ్వు చెప్పరా. నీ మాటే ఊరి మాట."

అందరి తలలూ ఇటు తిరిగాయి. రాత్రంతా వీరాంజనేయులికి కంటిమీద కునుకు లేదు. ఏం చెప్పాలో తెలుసు. ఎలా చెప్పాలో తెలీదు. లేచి చొక్కా విప్పి పక్కన పడేశాడు. బోరింగు దగ్గరికి నడిచాడు. ఆముదం వంపుకుని మోచేతుల దాకా పట్టించాడు, శనగపిండితో రుద్దాడు, వేళ్ల సందులు, గోళ్ల కింద, మణికట్లు. ఎవరో కొట్టిన పంపుకింద కడిగి, పంచె ఎగ్గట్టి, మధ్య గీత దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"లేవండ్రా. పట్టండి నన్ను."

జనంలో హోరు లేచింది. "అద్దీ ఆంజనేయులంటే!" అని బాపయ్య కుర్చీలోంచి లేచాడు. "చూపించరా, ఆటంటే ఏందో పంతులికి చూపించు!"

కుర్రాళ్లు భయపడుతూ లేచి, మాస్టారి వంక చూసి, చేతులు కలుపుకున్నారు. వీరాంజనేయులు ఊపిరి పీల్చి కూత అందుకున్నాడు. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ..." గొంతు పాతదే. కుడికి వెళ్లినట్టు వెళ్లి ఎడమకు విసిరాడు చెయ్యి. చివరనున్న కుర్రాడు చీలమండ అందుకున్నాడు. వదులుతాడని ఒళ్లు ఎదురుచూసింది. పదేళ్ల అలవాటు. వాడు వదల్లేదు. రెండోవాడు నడుం చుట్టాడు, గొలుసు మూసుకుంది, వీరాంజనేయులు బోర్లాపడ్డాడు. నోట్లోకి దుమ్ము పోయింది. గీత ఇంకా మూరెడు దూరం.

కుర్రాళ్లు నిప్పు తాకినట్టు చేతులు తీసేశారు.

"మళ్లీ" అని లేచాడు. మళ్లీ పట్టారు. మూడోసారి ఒళ్లు మెలితిప్పి, తన పేరు నిలబెట్టిన ఎడమ మలుపు తిరిగాడు. నలుగురు కలిసి ఎత్తి, జాగ్రత్తగా, దించినట్టు కింద పడుకోబెట్టారు. దవడ బిగించి కాలు పట్టుకున్నవాళ్లలో కోటేష్ కూడా ఉన్నాడు.

బాపయ్య గబగబా వచ్చి చెయ్యి అందించాడు. అతనిది ప్రేమే, అనుమానం లేదు. "చాల్లేరా. మోకాలు పోయిన మనిషివి. నలభై దాటినయ్యి, వయసు మాట వింటదా? ఆ రోజుల్లో అయితే ఈ బుడంకాయలు నీ నీడ తొక్కేవాళ్లా?"

"అవును గదా, వయసు" అన్నారు ఎవరో. "మోకాలు" అన్నారు ఇంకెవరో. ఊరు ఊరంతా అతనికి దారి వదిలి నిలబడింది. ఊఁ అంటే చాలు. పేరు నిలుస్తుంది, మాస్టారు పోతాడు, ఊళ్లో చంటిపిల్లల్ని ఎప్పటిలాగే అతని పేరు చెప్పి ఆడిస్తారు.

వీరాంజనేయులు ఆ చెయ్యి అందుకోలేదు. నేలమీదే కూర్చుని, నోట్లో దుమ్ము ఊసి, అన్నాడు. "వయసు కాదు మావా. అప్పుడైనా పట్టేవాళ్లే, నేను చేతులు కడుక్కుని వచ్చుంటే."

బాపయ్య చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. "ఏం మాటరా అది? పదేళ్ల పేరు..."

"పదేళ్లూ అంతే. నన్నెవరూ పట్టలేకపోవటం కాదు. పట్టలేదు. నిన్న దర్శిలో ఆ పిల్లోడి కళ్లు చూశా. ట్రాలీ కాడ కోటేష్‌ని ఆపకుండా నోరు మూసుకుంది కూడా నేనే." కూర్చునే కుర్రాళ్ల వైపు చెయ్యి చూపించాడు. "ఇయ్యాళ నన్ను పట్టారు చూడు, ఈ ఊరి జట్టు ఒక మనిషిని నిజంగా పట్టటం మాస్టారొచ్చాకే చూస్తన్నా. మాస్టారికి రెండేళ్లు. ఈలోపల ఎన్ని ఓడినా సరే. ఎవరికన్నా ఇష్టం లేకపోతే ముందు నన్ను తీసెయ్యండి."

బాపయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "నీ పేరు నువ్వే తగలేసుకున్నావు గదరా" అన్నాడు. అందులో కోపం కన్నా దుఃఖమే ఎక్కువుంది. వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. అతని వెనకే కొందరు కదిలారు. కొందరు ఉండిపోయారు. త్యాగరాజు మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాడు.

మొదట చీలమండ పట్టిన కుర్రాడు దగ్గరికొచ్చి వంగాడు. "దెబ్బ తగిలిందా బాబాయ్?"

"తగిలిందిరా" అన్నాడు వీరాంజనేయులు. మోకాలు పట్టుకుని, మెల్లగా లేచి, మధ్య గీత దాకా కుంటుతూ నడిచాడు. ఆయాసం ఇంకా తీరలేదు. "చేతులు కలుపుకోండి. ఈసారి కుడి పక్కన సందు వదిలారు, చూసుకోండి" అని, ఊపిరి పీల్చుకుని మళ్లీ కూత అందుకున్నాడు.